డోరు తీయకండి, ఒక్క నిమిషం!

డోరు మూయండి. ముందు ఆ వెనక డోరు మూయండి!

మీరు రంగనాయక సాగర్ కట్ట కింద, కారు పక్కన నిలబడి ఉన్నారు. దసరా సెలవులు. పొద్దున్నే సిద్దిపేటలో బయల్దేరి, నీళ్లు చూద్దామని చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ దాకా వచ్చారు. చూశారు. మీ కుక్క మోతి కూడా చూసింది, కానీ చూసి ఊరుకోలేదు. మీ తమ్ముడు ఫొటో తీసే హడావుడిలో గొలుసు వదిలేశాడు. అదృష్టం బాగుండి మోతి రిజర్వాయర్ వైపు పోలేదు. ఆ రాళ్ల వాలు మీద కాలు జారితే మనిషి ఎక్కి రావడమే కష్టం. కట్ట కింద వాన నీళ్లు నిలిచిన గుంట ఒకటి కనిపిస్తే అందులో దూకింది. మునిగింది, పొర్లింది. ఇప్పుడు మీ వైపే పరుగెత్తుకొస్తోంది. పొద్దున తెల్లగా బయల్దేరిన కుక్క ఇప్పుడు సగం ఎర్రగా ఉంది.

దాని చూపు మీ మీద లేదు. వెనక సీటు మీద ఉంది. తన బొంత అక్కడుందని దానికి తెలుసు.

డోరు కొట్టండి. దబ్!

హమ్మయ్య. మోతి మీ మోకాళ్ల ముందు ఆగింది. కాళ్లు కాస్త ఎడంగా పెట్టింది. తల కొంచెం వంచింది. చెవులు వెనక్కి పోయాయి. ఈ వాలకం మీకు తెలుసు. పక్కకు జరగండి!

అయిపోయింది. ముందు తల, ఆ వెంటనే మెడ, వీపు, నడుము, ఆఖరికి తోక. మీ ప్యాంటు మీద, చొక్కా మీద, కళ్లద్దాల మీద చినుకులు. తెల్ల కారు డోరు పొడవునా ఎర్ర చుక్కలు. తమ్ముడు పగలబడి నవ్వుతున్నాడు.

"అన్నా, నీ మొకం అద్దంల జూస్కో!"

నవ్వనివ్వండి. గెలిచింది మీరే. ఆ చుక్కలన్నీ లోపల పడాల్సినవి. సీటు గుడ్డ మీద, పైకప్పు మీద, స్పీకర్ జాలీ సందుల్లో. బయట రేకు మీద పడ్డ బురద బకెట్ నీళ్లతో పోతుంది. లోపల పైకప్పు గుడ్డ మీద పడ్డ బురద చుక్క మాత్రం కారు అమ్మేదాకా మీతోనే ఉంటుంది.

ఇంత చిన్న విదిలింపుతో అంత నీరు పోతుందా అని మీకు అనిపిస్తుంది. పోతుంది. అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు ఎలుక మొదలు ఎలుగుబంటి దాకా జంతువులు తడి ఎలా విదిలించుకుంటాయో హైస్పీడ్ కెమెరాలతో చూసి 2012లో ఆ లెక్కలు ప్రచురించారు. పెద్ద కుక్క సెకనుకు నాలుగైదు సార్లు ఒళ్లు అటూ ఇటూ తిప్పుతుంది. కుక్క తోలు వదులుగా ఉంటుంది కాబట్టి ఒంటి కన్నా తోలు ఎక్కువ దూరం ఊగి నీటిని విసిరికొడుతుంది. కొద్ది సెకన్లలో బొచ్చులోని తడిలో చాలా భాగం పోతుంది. ఏ తువ్వాలా ఇంత త్వరగా ఆ పని చేయలేదు. కాబట్టి మోతిని ఆపకండి. గొలుసు పట్టుకుని, కారుకు పది అడుగులు అవతలికి నడిపించండి. ఇంకోసారి విదిలించుకుంటుంది. మూడోసారి కూడా. ఊరికే వస్తున్న సర్వీసు ఇది, వాడుకోండి.

ఇప్పుడు తువ్వాల. డిక్కీలోనే ఉంది, అన్నిటికన్నా పైన. (సంచుల కింద పెట్టిన తువ్వాల ఉన్నా లేనట్టే.) తలతో మొదలుపెట్టండి. విదిలింపు తల దగ్గరే మొదలవుతుంది, తల ఆరితే దానికి మళ్లీ విదిలించాలన్న తొందర తగ్గుతుంది. రుద్దాలని చెయ్యి లాగుతుంది. రుద్దకండి. తడి బురదను రుద్దితే అది బొచ్చు మొదళ్లలోకి దిగి, సాయంత్రానికి ఎండి, రేపు సీటు మీద పొడిపొడిగా రాలుతుంది. తువ్వాల కప్పి, అరచేత్తో గట్టిగా నొక్కి ఎత్తండి. మళ్లీ నొక్కండి. తువ్వాల మీద ఎర్రటి మరక అచ్చు దిగుతోందా? పని జరుగుతోందన్నమాట.

ఇక పాదాలు. అసలు బండి మురికయ్యేది వీటితోనే. వెడల్పు మూతి ఉన్న పాత ఐస్‌క్రీం డబ్బాలో సగం నీళ్లు పోయండి. ఒక్కో కాలు ముంచి, తీసి, తుడవండి. మొదటి కాలు ముంచగానే నీళ్లు టీ రంగుకు వచ్చాయి. పారబోసి మళ్లీ పోయండి. వేళ్ల సందుల్లో వేలు పెట్టండి. గుచ్చుకుందా? పల్లేరు కాయ. మోతి కాలు వెనక్కి లాక్కుంటోంది. మీ చేతికే అంత నొప్పి పుడితే దాని మెత్తటి పాదానికి ఎంతుంటుంది? నెమ్మదిగా తీసి దూరంగా పారేయండి. కారు మ్యాట్ మీద పడితే రేపు మీ అమ్మాయి ఉత్తకాళ్లతో తొక్కుతుంది.

తొడల వెనక బొచ్చు తడిమి చూడండి. సన్నటి ముళ్ల గింజలు వరసగా అతుక్కుని ఉన్నాయి. ఉత్తరేణి. వానాకాలం వెళ్లేటప్పుడు గట్ల మీద ఎక్కడ చూసినా ఇదే. ఒక్కసారి సీటు గుడ్డలోకి దిగిందంటే గోళ్లతో ఒక్కొక్కటి పీకాలి, వాక్యూమ్‌కు రాదు. దువ్వెన ఉందిగా, ఇక్కడే దువ్వండి.

ఇప్పుడు చెవి. మడత పైకెత్తండి.

ఆగండి. ఆ బూడిద రంగు గింజ ఉత్తరేణి కాదు. దానికి కాళ్లున్నాయి.

గోమారి. మీ వెన్నులో చిన్న జలదరింపు. వేలితో నలపబోతున్నారు. వద్దు. కిరోసిన్, కాలిన అగ్గిపుల్ల, ఇలాంటివేవీ వద్దు. ప్లక్కర్ తీసుకోండి. చర్మానికి వీలైనంత దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా పైకి లాగండి. వచ్చింది. శానిటైజర్ పోసిన సీసా మూతలో వేయండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, కుక్క ఒంటి మీద రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి తనంతట తానే రాలిపోయి ఏ సందులోనో కొన్ని వేల గుడ్లు పెడుతుంది. మన ఇళ్లలో తిరిగే జాతి గోడ పగుళ్లలో, పరుపు కుట్లలో హాయిగా బతుకుతుంది. కారు సీటు కుట్లు, కార్పెట్ అంచులు కూడా దానికి అలాంటి సందులే. గుడ్లు పొదిగాక సీటు మీద ఆవగింజ కన్నా చిన్నవి పాకుతుంటే ఏ వాటర్ వాష్ మిమ్మల్ని కాపాడదు. కుక్కలకు ప్రాణం మీదికి తెచ్చే గోమారి జ్వరం కూడా వీటి పుణ్యమే. రెండో చెవి చూడండి. మెడ బెల్టు కింద చూడండి. చంకల్లో చూడండి.

అంతా కలిపి ఎంత సేపు పట్టింది? మీరు బండి ఆపి ఒక చాయ్ తాగేంత. నన్నడిగితే కుక్కతో ప్రయాణంలో కారు శుభ్రత నూటికి తొంభై పాళ్లు ఇక్కడే, డోరు బయటే తేలిపోతుంది. లోపల తుడుచుకునేదంతా ఇక్కడ వదిలేసిన పనికి జరిమానా.

ఇప్పుడు డోరు తీయండి.

వెనక సీటు మీద పరిచిన బొంత మీ పెద్దమ్మ కుట్టినదే. పాత నూలు చీరలు నాలుగైదు పొరలు వేసి, వేలెడు వేలెడు దూరంలో టాకాలు వేసింది. ఓ మూల మెరూన్ అంచు మీద నెత్తిన చట్టి పెట్టుకున్న గొల్లభామ బొమ్మ వెలిసిపోయి కనిపిస్తోంది. సిద్దిపేట మగ్గం మీద నేసిన చీరలా ఉంది, ఎప్పటిదో. బొంత నాలుగు కొసలకూ నాడాలు కుట్టి, రెండు ముందు సీట్ల తలదిండ్లకు, రెండు వెనక తలదిండ్లకు కట్టారు మీరు. సీటుకూ సీటుకూ మధ్య ఉయ్యాలలా వేలాడుతోంది. మోతి బ్రేకుకు ముందుకు జారినా కాళ్ల గుంతలో పడదు. బజారులో దొరికే కుక్క సీటు కవర్లు నీళ్లు దిగనివ్వవు నిజమే, కానీ ఎండలో వేడెక్కుతాయి, జారతాయి. నేత దగ్గరగా ఉన్న పాత నూలు మీద వెంట్రుక నిలవదు, దులిపితే రాలుతుంది, తడి పీల్చుకుంటుంది, ఉతికితే పోతుంది. బొంత కింద ఓ పాత ఫ్లెక్సీ ముక్క పరిచారా? పరిచారు. ఎన్నికల ఫ్లెక్సీకి ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచడం లేదు.

మోతి ఎక్కింది. ఒంటికి వేసిన పట్టాల క్లిప్పు సీటు బెల్టు బకిల్‌లో వేయండి. మెడ బెల్టుకు వేయకండి, సడన్ బ్రేక్ వేస్తే మెడ పట్టేస్తుంది. ముందు సీటు అసలే వద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది మనిషి కొలతకు, కుక్క కొలతకు కాదు.

బండి కదిలింది. ఐదు నిమిషాలు కాలేదు, ఆ వాసన. తడి కుక్క వాసన. అంత తుడిచినా ఎక్కడిది? కుక్క ఒంటి మీద ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవుల పని అది. బొచ్చు తడిసి ఆరే కొద్దీ అవి విడిచిన వాసనలు ఆవిరితో కలిసి గాల్లోకి లేస్తాయి. మీ వేలు ఏసీ మీద గాలి లోపలే తిప్పే బటన్ వైపు వెళ్తోంది. నొక్కకండి. నొక్కితే ఆ తేమ, ఆ వాసన కారులోనే తిరిగి, ఏసీ ఫిల్టర్‌కు పట్టి, మోతి లేని రోజున కూడా మోతిని గుర్తు చేస్తాయి. బయటి గాలి వచ్చేట్టు పెట్టండి. రెండు అద్దాలు నాలుగు వేళ్లు దించండి. దాని ముక్కు బయటికి పోవచ్చు గానీ తల పోకూడదు, ఎదురుగాలిలో వచ్చే దుమ్ము నేరుగా కళ్లలో పడుతుంది.

సిద్దిపేట వచ్చేశారు. కోమటి చెరువు వైపు తిరిగే ముందే టిఫిన్ సెంటర్ కనిపించింది. పెనం మీద దోశ చుయ్‌మంది. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

"దాన్ని బండిలనే ఉంచుదం అన్నా. కాళ్లు మల్ల ఖరాబైతయ్. అయిదు నిమిషాలే గద."

మాట సబబుగానే ఉంది. ఇంత కష్టపడి తుడిచారు. టిఫిన్ సెంటర్ ముందు పారబోసిన నీళ్లు, చట్నీ చుక్కలు, మళ్లీ బురద. అద్దాలు కొంచెం దించి, నీడ చూసి పెడితే చాలదా? మీరేం చేస్తారు?

డోరు మీద చెయ్యి పెట్టండి. ఎండ పడిన వైపు. కాలుతోంది. దసరా నాటి ఎండే, బయట 32 డిగ్రీలు దాటదు. కానీ అద్దాలు మూసిన కారు లోపల లెక్క వేరు. అమెరికాలో కొలిచి 2005లో ప్రచురించిన లెక్కల్లో గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించినా పెద్ద తేడా రాలేదు. అంటే మీ కారులో అరగంటకు 50 డిగ్రీలు. మీకు చెమట పడుతుంది. మోతికి మీలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఒగర్చడమే దానికి దారి. లోపలి గాలే కాలుతుంటే ఒగర్చి ఏం లాభం? అయిదు నిమిషాల దోశ ఎప్పుడైనా అయిదు నిమిషాల్లో వచ్చిందా?

దింపండి. కాళ్లు ఖరాబైతే కానివ్వండి. ఒకరు తినండి, ఒకరు గొలుసు పట్టుకుని నీడలో నిలబడండి. కుక్క కన్నా సీటు ముఖ్యమైన చోట సీటు గురించి మాట్లాడటానికి నాకేమీ లేదు.

మధ్యాహ్నం. పెద్దమ్మ ఇల్లు. గేటు పక్కన మూడు చెత్తబుట్టలు వరసగా: తడి చెత్త, పొడి చెత్త, హానికరమైన చెత్త. చెత్త వేరు చేయడంలో సిద్దిపేట పేరు తెచ్చుకున్న ఊరు. దాని గురించి నేర్పడానికి 'స్వచ్ఛబడి' అని ఒక బడే పెట్టారు. పెళ్లిళ్లకు ప్లాస్టిక్ ప్లేట్లు వాడకుండా స్టీలు గిన్నెలు ఇచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టారు. ఇలాంటి ఊళ్లో మీరు ఇప్పుడు చేతిలో ఓ పొట్లం పట్టుకుని నిలబడ్డారు. బండెక్కే ముందు మోతిని వీధి చివరిదాకా తిప్పారు, దాని పని అది చేసుకుంది, పాత పేపర్లో మీరు ఎత్తారు. మంచి పని. దారిలో కారులో జరిగేది ఇక్కడే జరిగిపోయింది. కానీ ఎందులో వేయాలి? తడిదే కదా అని మీ చెయ్యి తడి చెత్త బుట్ట వైపు పోతోంది.

"ఆగు బిడ్డా! దాంట్లెయ్యకు. గది ఎరువు జేస్తరు."

పెద్దమ్మ మాట నిజం. కుక్క మలంలో నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు, అవి మట్టిలో చాలా కాలం బతుకుతాయి. కూరగాయల తొక్కలతో కలిసి ఎరువు కావాల్సిన సరుకు కాదు అది. విడిగా చుట్టి, చెత్త బండి వచ్చినప్పుడు ఇది ఇదీ అని చెప్పి ఇవ్వండి. బండి రావడానికి ఇంకా టైం ఉందంటే పొట్లం గేటు బయటే ఉండాలి. 'తర్వాత పారేద్దాం' అని డిక్కీలో పెట్టారా, మర్చిపోతారు. ఎండ దాన్ని మీకు గుర్తు చేస్తుంది.

చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి పెద్దమ్మ మోతి ముందు కూర్చుని ఉంది. చేతిలో స్టీలు గిన్నె. మటన్ కూర, అన్నం. మోతి తోక నేలను కొడుతోంది.

"పెద్దమ్మా, వద్దు. ఇప్పుడే బయల్దేరుతున్నం."

"మల్లన్న దేవుని కుక్కరా గిది. పండుగ పూట కడుపు మాడ్చి పంపుమంటవా? తిననియ్యి."

కొమురవెల్లి మల్లన్న పేరెత్తిన మనిషితో ఈ జిల్లాలో వాదించి గెలిచినవాడు లేడు. బండెక్కడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపాలని మీకు తెలుసు. కూరలో ఉల్లిగడ్డ కుక్కకు విషమని కూడా తెలుసు. చెప్పే లోపే గిన్నె ఖాళీ. మోతి అంచులు కూడా నాకేసింది. బొక్క మాత్రం లాక్కున్నారు, అంతవరకు నయం.

ఇంటి దారి. రాజీవ్ రహదారి. సాయంత్రం నాలుగు దాటింది. పొన్నాల వెనక్కి పోయింది. రోడ్డు పక్క గట్ల మీద తంగేడు పసుపు, చేలల్లో గునుగు తెలుపు. పత్తి చేలు పగులుతున్నాయి. స్పీడు 80. వెనక లారీ. మోతి పడుకుంది. దుద్దెడ దాటారు. అంతా బాగుంది.

"అన్నా, మోతి ఆవులిస్తుంది."

"నిద్రొస్తుందేమో."

"పెదాలు నాక్కుంటుంది."

అద్దంలోంచి చూడండి. మోతి లేచి కూర్చుంది. మళ్లీ ఆవులించింది. గుటక వేసింది. దవడ కింద నుంచి జిగట తీగ ఒకటి సాగుతోంది.

నిద్ర కాదది. కదిలే బండిలో కన్ను ఒకటి చెబుతుంది, చెవి లోపల తూకం చూసే భాగం ఇంకోటి చెబుతుంది. ఆ పొంతన కుదరక కడుపు తిప్పుతుంది. మనుషులకూ అంతే. కడుపు నిండుగా ఉంటే ఇంకా కష్టం.

మీ దగ్గర నిమిషం ఉంది. అంతకన్నా తక్కువ కూడా కావచ్చు.

"అన్నా, ఆపు."

బ్రేకు మీద కాలు వెళ్తోంది. తొక్కకండి! వెనక లారీ. ముందు ఇండికేటర్. ఎడమకి. అద్దం చూడండి. బైకు ఒకటి. పోనివ్వండి.

మోతి వీపు వంగింది.

"అన్నా!"

స్పీడు తగ్గించండి. 60. 40. రోడ్డు అంచు. మట్టి. చక్రాలు దిగాయి. హజార్డ్ లైట్లు. హ్యాండ్‌బ్రేక్. లారీ హారన్ కొడుతూ దాటింది. బండి ఊగింది.

కడుపు లోపలికి పోతోంది. ఒకసారి. రెండుసార్లు.

"డోరు తియ్యనా?"

ఆగు! గొలుసు. ముందు గొలుసు. చేతికి చుట్టుకో. రెండు చుట్లు. ఇప్పుడు క్లిప్పు విప్పు. ఎడమ డోరు. ఎడమ! కుడివైపు రోడ్డు.

తీశాడు. మోతి దూకింది. గొలుసు బిగిసింది. పట్టు నిలిచింది.

సగం గడ్డిలో. సగం బొంత మీద.

ఊపిరి తీసుకోండి. మీ చేతులు ఇంకా స్టీరింగ్‌ను వదలలేదు. గొలుసు పట్టకముందే క్లిప్పు విప్పి డోరు తీసి ఉంటే, మోతి ఈ హైవే మీద ఉండేది. మీరు మళ్లీ ఎప్పుడైనా తొందరపడితే ఈ వరస గుర్తుంచుకోండి. సీటు ఎంత పాడైనా ఫర్వాలేదు, ఈ వరస తప్పొద్దు.

"పెద్దమ్మ మటన్ మొత్తం వాపస్ అన్నా," తమ్ముడు నీరసంగా అంటున్నాడు. మోతి ఇప్పుడు ఆ గడ్డి వైపే మూతి పెడుతోంది. లాగండి. మళ్లీ తింటుంది, సిగ్గుపడదు. గిన్నెలో గుక్కెడు నీళ్లే పోయండి. ఒక్కసారే గటగటా తాగితే మళ్లీ కక్కుతుంది.

గడ్డిలో ఉల్లిగడ్డ ముక్కలు కనిపిస్తున్నాయి. కొంత బయటికి వచ్చింది, మంచిదే. అయినా ఇంటికి చేరగానే డాక్టరుకు ఫోన్ చేయండి. ఉల్లిగడ్డ కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, ఆ సంగతి వెంటనే బయటపడదు. కొన్ని రోజుల్లో నీరసం, తెల్లబడిన చిగుళ్లు, ముదురు రంగు మూత్రం కనిపిస్తే పశువుల దవాఖానాకు పరుగే.

ఇక కారు. నాడాలు విప్పండి. బొంత నాలుగు కొసలూ లోపలికి మడవండి, మూటలా. ఎంత వచ్చినా ఆ మూటలోనే. ఫ్లెక్సీని కూడా అలాగే. లోపల సీటు పొడిగా ఉంది. దాదాపు. బకిల్ పక్కన గుడ్డ మీద అరచేతి వెడల్పు తడి. నాడా జారిన చోట.

వాటర్ బాటిల్ మూత తీస్తున్నారు. ఆగండి. పోస్తే అది నురగ దిగి, కింద వైర్ల దాకా పోతుంది. సీటు కింద బకిల్ సెన్సర్ వైర్లు ఉండొచ్చు. ముందు గట్టి పదార్థం పైకి ఎత్తాలి. పర్సులో గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు ఏదైనా ఉందా? దాని అంచుతో, బయటి నుంచి మధ్యకి. మధ్య నుంచి బయటికి లాగితే మరక పెద్దదవుతుంది. తర్వాత పొడి గుడ్డ నొక్కండి. చల్లటి నీళ్లలో పిండిన గుడ్డ నొక్కండి. మళ్లీ పొడిది. వేడి నీళ్లు వద్దు, ఇందులో ఉన్న మాంసకృత్తులు వేడికి బట్టలో గట్టిపడిపోతాయి. తర్వాత వంట సోడా పొట్లం చింపి, తడి కనిపించకుండా చల్లండి. కడుపులోంచి వచ్చింది ఆమ్లం, సోడా దాన్ని విరుస్తుంది, వాసన పట్టేస్తుంది. ఇంటి దాకా అలాగే వదిలేయండి. పది రూపాయల సోడా ఇది, నేను చూసినంతలో ఏ పరిమళాల సీసా దీని పక్కకు రాదు. ఆ సీసాలు వాసనను తీయవు, దాని మీద ఇంకో వాసన పూస్తాయి, అంతే. ఫినాయిల్ అసలు వద్దు. నేల తుడవడానికి చేసిన మందు అది. మోతి పడుకుని నాకే చోట పోస్తే నోటికీ కడుపుకీ చేటు.

అద్దాలు దించండి. ఇక నిదానంగా పోండి. కుకునూరుపల్లి, ప్రజ్ఞాపూర్, గౌరారం. వంటిమామిడి దగ్గర కూరగాయల బండ్లు అడ్డం వస్తున్నాయి. మోతి పడుకుంది. ఈసారి నిజంగానే నిద్ర.

ఇంటి ముందు ఆపారు. రాత్రి. మోతిని దింపండి, బొంత మూట దింపండి. బొంతను నేరుగా వాషింగ్ మెషిన్‌లో వేయకండి. ముందు డాబా మీద గోడకేసి దులపండి, లేకపోతే ఆ వెంట్రుకలన్నీ మెషిన్ ఫిల్టర్‌లో ఉండలు కడతాయి. తర్వాత చల్లటి నీళ్లలో సబ్బుతో నానబెట్టండి.

పొద్దున సోడా ఎండింది. వాక్యూమ్‌తో లాగేయండి. ఇప్పుడు వెలుతురులో సీటు మీద వాలి చూడండి. బొంత అంచు అవతల, డోరు పక్కన, తెల్లటి పొట్టి వెంట్రుకలు గుడ్డలో నిలువుగా దిగి ఉన్నాయి. పొడవు జుట్టు కుక్కల కన్నా ఈ పొట్టి జుట్టువే మొండి. అవి బట్ట పైన పరుచుకోవు, సూదుల్లా దిగుతాయి. వాక్యూమ్ మూతి వాటి మీదుగా వెళ్లిపోతుంది. వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్ వేసుకోండి. కొంచెం తడి చేసి, ఒకే వైపుకు లాగండి. చూశారా, వెంట్రుకలు పోగుపడి చుట్టలా వస్తున్నాయి. అద్దాలు తుడిచే రబ్బరు వైపర్ ఉన్నా సరే. ముందు రబ్బరు, తర్వాత వాక్యూమ్. ఈసారి బయల్దేరే ముందు రోజు మోతిని డాబా మీద దువ్వారంటే ఈ పనిలో సగం ఉండదు.

ఇంత చేశాక కూడా వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్తానంటే తీసుకెళ్లండి, డోరు మీద ఎర్ర చుక్కలు ఎలాగూ ఉన్నాయి. కానీ అక్కడ కుర్రాడికి రెండు మాటలు ముందే చెప్పండి. లోపల సీట్ల మీద ప్రెషర్ పైపుతో నీళ్లు కొట్టొద్దనండి. ముందు నాలుగు డోర్లూ తీసి, సీటు పట్టాలు, బకిల్ సందులు, కార్పెట్ అంచుల్లో ఎయిర్ కొట్టమనండి. చేత్తో అందని వెంట్రుకలు, పల్లేరు ముళ్లు, ఇసుక అక్కడ్నుంచే బయటికొస్తాయి. మీరు పక్కన నిలబడితే చేస్తాడు, నిలబడకపోతే డ్యాష్‌బోర్డుకు పాలిష్ కొట్టి పంపిస్తాడు. డబ్బులు రెండింటికీ ఒకటే.